నాగూర్ వలి కూతురు

కారు దిగీ దిగగానే గుర్రపు చెమట వాసన గుప్పుమంది. రహీమ్ ముక్కు మూసుకున్నాడు. కుల్సుంకి మాత్రం ప్రాణం లేచివచ్చింది. ఎండుగడ్డి, లద్దె, తడి తోలు, అన్నీ కలిసిన వాసన. తెనాలి వదిలాక మళ్ళీ ఇప్పుడే తగిలింది. గుండెల నిండా పీల్చుకుని, మొగుడు చూస్తున్నాడని గమ్మున తలమీద దుపట్టా సర్దుకుంది.

రహీమ్ భయం రహీమ్‌ది. వైటూకే అని లోకమంతా గోలపెట్టి, తీరా రెండువేల సంవత్సరం వచ్చాక ఏ కంప్యూటరూ ఆగలేదు, ఆగింది అతని కాంట్రాక్టే. అల్లా దయవల్ల ఈ గుర్రాల పెంపకందార్ల సంఘానికి తమ గుర్రాల వంశాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే మనిషి కావలసివచ్చాడు. ఏడాదికోసారి జరుపుకునే మేళాకి భార్యతో సహా రమ్మన్నారు. సిడ్నీలో తాముండే బ్లాక్‌టౌన్ నుంచి దారి పొడుగునా అతనిది ఒకటే పాఠం. మామగారి సంగతి ఎవరైనా అడిగితే ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్ అనాలట.

ఏం బిజినెస్సో! కుల్సుం నాన్న తెనాలి స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. పోయి మూడేళ్ళయింది. చిన్నప్పుడు కుల్సుం ఆయన పక్కన కూచుని పగ్గాలు పట్టుకునేది. పెద్దమనిషి కాగానే నానమ్మ కళ్ళెర్రజేసి ఇంట్లో కూచోబెట్టింది. తర్వాత పెళ్ళి, ఆ తర్వాత విమానం. ఇప్పుడు సిడ్నీ ట్రాఫిక్‌లో కారు తోలుతోంది. ఏం లాభం? నీ మాటకి వెనక్కి తిప్పడానికి కారుకి చెవులుండవు కదా.

మైదానంలో పోటీ నడుస్తోంది. రౌతు మందలోంచి ఒక కోడెను విడదీసి, తాడన్నది లేకుండా, గుర్రపు భుజంతోనే నెట్టుకుంటూ పాతిన గుంజల చుట్టూ తిప్పుకురావాలి. కోడె ఎటు మళ్ళుతుందో రౌతు కన్నా గుర్రానికే ముందు తెలుస్తోంది. కుల్సుం కూచున్నచోటే మోకాళ్ళు బిగించింది. మైకు పట్టుకున్న పెద్దాయన ప్రతి గుర్రానికీ తండ్రి పేరు, తల్లి పేరు చెప్పి, ఆపైన రౌతు ఎవరి బిడ్డో కూడా చెప్తున్నాడు. వాళ్ళలో అదో మర్యాద. ఒక్కో తండ్రి పేరు వినబడుతుంటే కుల్సుంకి ఏడుపు ముంచుకొచ్చింది. మా నాన్న పేరు ఈ దేశంలో ఎవరు పలుకుతారు అనుకుంది. పలకొద్దన్న మనిషి పక్కనే కూచుని టీ ఊదుకుంటున్నాడు.

భోజనాల వేళ జోన్ అనే ముసలామె ఒంటిగుర్రపు బండి తెచ్చి, అతిథుల్లో ఆడవాళ్ళని ఒక చుట్టు తిప్పుతానంది. రెండు చక్రాల బండి. పైన గూడు లేదు గానీ, ఉంటే జట్కాయే. మా ఆవిడకి గుర్రాలంటే భయమని రహీమ్ నవ్వుతూ చెబుతుండగానే కుల్సుం ఎక్కేసింది.

వెనక ఇంకో భారీ మనిషి ఎక్కేసరికి బరువు వెనక్కిపడి ముందు కర్రలు పైకి లేచాయి. పొట్ట కింద పట్టీ బిగిసి ఆడగుర్రం తోక విసిరింది. కుల్సుం చటుక్కున వెనక్కి తిరిగి, కాస్త ముందుకు జరగమని ఇంగ్లీషులో అంది. జట్కావాళ్ళు రోజూ వందసార్లు అనే మాటే అది. జోన్ ఆమెకేసి ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా పగ్గాలు చేతిలో పెట్టింది.

అబ్బ, ఎన్నాళ్ళకి! కుల్సుం నాలుకతో అంగిలి మీద కొట్టింది. గుర్రం ఒక చెవి వెనక్కి తిప్పి, విని, కదిలింది. మైదానం చుట్టూ పరుగందుకుంది. నాన్న చూస్తే ఎంత బాగుండేదో అనుకుంటే కళ్ళు మసకబారాయి.

మైకు పెద్దాయన రహీమ్‌ని పిలిచి, ఆ తోలే అమ్మాయి ఎవరి బిడ్డని అడిగాడు. ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్ అన్న జవాబు మైదానమంతా మోగింది. పేరు లేదు. బిజినెస్‌కి పేరెందుకూ!

కుల్సుం గుర్రాన్ని తిప్పి, తిన్నగా మైకు దగ్గరికి తెచ్చి ఆపింది. రహీమ్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పాపం, ఈ పనీ పోతే ఎట్లాగన్నది అతని దిగులు.

"ఏమండీ, మా నాన్న పేరు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

రహీమ్ తల దించుకున్నాడు. కుల్సుం తన పేరుతో సహా తనే చెప్పింది. షేక్ నాగూర్ వలి, తెనాలి స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు, ఒకే గుర్రం, కిరాయి బండి.

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన టోపీ సర్దుకుని, తిప్పలుపడి, గట్టిగా పలికాడు.

"కుల్సుం, డాటర్ ఆఫ్ షేక్ నాగర్ వాలీ, హార్స్‌మన్, ఆఫ్ టెనాలి."

అందరికీ కొట్టినట్టే చప్పట్లు కొట్టారు. తెనాలిలో బతికినన్నాళ్ళూ ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. రైలు దిగినవాళ్ళంతా ఏయ్ జట్కా అనేవాళ్ళు.

కుల్సుం పగ్గాలు వదల్లేదు. ఇంకోసారి చెప్పమని పెద్దాయన్ని అడిగింది.