ముందు మీరు తప్పుకోండి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ రాసే పిల్లలకు రాజ్యాంగం పాఠం చెబుతాను. ప్రజాస్వామ్యం గురించి చెప్పి జీతం తీసుకునేవాళ్లకు దానిమీద నమ్మకం కూడా ఉండాలని ఎక్కడా రాసిలేదు. నాకు అంతంతమాత్రమే. పోలింగ్ రోజు సెలవిస్తే పడుకుంటాను. అందుకే మా ఇంటి ఓనరు సాయమ్మ తన ఒక్క ఓటు కోసం పడే ఆరాటం చూస్తే మొదట్లో నాకు నవ్వొచ్చేది.

సాయమ్మకు డెబ్బై దాటాయి. మన్సూరాబాద్ పక్కన ఉన్న మా బస్తీ ఒకప్పుడు ఎర్రజెండా పాతి గుడిసెలు వేసుకున్న జాగా. కేసులయ్యాయి, లాఠీలు విరిగాయి, చివరికి పట్టాలొచ్చాయి. ఆ అరవై గజాల్లోనే ఇప్పుడు కింద సాయమ్మ, పైన కిరాయికి నేను. ఆమె భర్త గోపయ్య కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీగా పనిచేశాడు. యూనియన్ అంటే ప్రాణం పెట్టేవాడట. నేను ఇంట్లో దిగేనాటికే ఆయన లేడు.

ఆ ఎర్ర పార్టీ సంగతి కూడా చెప్పాలి. పదిహేనేళ్ల కిందట అది రెండు ముక్కలైంది. ఎందుకు చీలారని ఇద్దరు కార్యకర్తలను అడిగితే మూడు కారణాలు చెబుతారు. గుర్తును కూడా పంచుకున్నారు. ఒకళ్లకు కొడవలి దక్కింది, ఇంకొకళ్లకు సుత్తి. బస్తీలో పార్టీ ఆఫీసు ఒక్కటే గది కాబట్టి మధ్యలో గోడ కట్టారు. కిటికీ ఇటువాళ్లకు పోయింది, ఫ్యాను అటువాళ్లకు పోయింది. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అని మా అమ్మ అంటుండేది. ఆ గోడ కట్టినవాళ్లను చూస్తే ఇంకేమనేదో.

చీలాక ఇద్దరికీ సొంతంగా నిలబడే బలం లేకపోయింది. ప్రతి ఎన్నికకూ ఎవరో ఒక పెద్ద పార్టీ పంచన చేరడమే. ఓసారి గొడుగు గుర్తుకు వెయ్యమన్నారు. తర్వాత గొడుగు ప్రజల శత్రువని తేలింది, లాంతరుకు వెయ్యమన్నారు. ఆ తర్వాత లాంతరు అంతకంటే పెద్ద శత్రువని తేలి మళ్లీ గొడుగే. మొగుడూ పెళ్లాలిద్దరూ ఎటు వెయ్యమంటే అటు వేసి వచ్చారు. ఆఖరిసారి లాంతరుకు వేసి వచ్చిన రోజు గోపయ్య అన్నం ముట్టకుండా పడుకున్నాడట. ఆ తర్వాతి ఎన్నిక ఆయన చూడలేదు.

"నేనన్న సచ్చేలోపల ఒక్కపారి మన గుర్తుకు ఏసి పోవాలె బిడ్డా," అనేది సాయమ్మ. "కొడవలైనా మంచిదే, సుత్తయినా మంచిదే. రెండూ మనయే గదా."

కిందటి కార్పొరేషన్ ఎన్నికలకు ఏ పెద్ద పార్టీ కూడా వీళ్లను పిలవలేదు. ఎవరూ పిలవకపోయేసరికి ఇద్దరికీ ఐక్యత గుర్తొచ్చింది. చర్చల మీద చర్చలు జరిగాయి. గోడకు ఇటువైపు ఒకసారి, అటువైపు ఒకసారి కూర్చుని మా వార్డులో ఒక్క అభ్యర్థినే నిలబెడదామని తీర్మానించారు. ఆ ఒక్కరు ఎవరన్నది మాత్రం తేలలేదు. ముందు ఇద్దరూ నామినేషన్ వేసి, ఉపసంహరణ గడువులోగా ఎవరో ఒకరు తప్పుకోవాలని అనుకున్నారు.

కొడవలి తరఫున రామమోహనరావు గారు వేశారు. గుంటూరు వైపు మనిషి, రిటైరైన లెక్చరరు, మాట మొదలుపెడితే ఉపన్యాసమే. సుత్తి తరఫున ధర్మేందర్ వేశాడు. నాగోల్ పాత ఊరివాడు, ఆటో యూనియన్ నాయకుడు, గొంతుకు మైకు అక్కర్లేదు. చెడ్డవాళ్లు కారు ఇద్దరూ. నా బాధంతా అదే. చెడ్డవాళ్లయితే తిట్టి ఊరుకునేదాన్ని.

ఉపసంహరణ ఆఖరి రోజు పొద్దున్నే సాయమ్మ పైకి వచ్చింది.

"అమలమ్మా, జర నన్ను ఎల్బీనగర్ ఆఫీసుకు తోల్కపోతవా? ఎవలో ఒకలు ఉంటున్నరని నా కండ్లతోని చూస్తే నిద్ర పడ్తది."

నాకు ఆ రోజు క్లాసుల్లేవు. స్కూటీ మీద తీసుకెళ్లాను.

ఆఫీసు కారిడార్లో ఎదురెదురు బెంచీల మీద ఇద్దరు నాయకులూ కూర్చుని ఉన్నారు. చెరోవైపు నలుగురైదుగురు కార్యకర్తలు. గడువు మూడింటి వరకు. లోపల గదిలో ఎన్నికల అధికారి భోజనం ముగించుకుని వచ్చి కూర్చున్నాడు.

"చారిత్రకంగా చూసినా ఈ వార్డులో పునాది మాదేనండీ," అంటున్నారు రామమోహనరావు గారు. "మీరు తప్పుకుంటే మీ పార్టీకి గౌరవంగా ఉంటుంది."

"పునాదా సార్? గుడిసెలేసిన్నాడు మీరు కాలేజీల పాఠం చెప్తున్నరు," అన్నాడు ధర్మేందర్. "గౌరవం మాకొద్దు గనీ, ముందు మీరు తప్పుకోండ్రి."

"గెలిచే అవకాశం ఎవరికి ఎక్కువో ఆలోచించండి."

"గెలుసుడు మీరా!"

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు ఆ తర్వాత గెలిస్తే స్టాండింగ్ కమిటీలో ఏం మాట్లాడాలన్న దానిమీద కూడా కొట్లాట అయింది. రెండు దాటింది. సాయమ్మ గోడ పట్టుకుని లేచి ఇద్దరి మధ్యకూ వెళ్లి నిలబడింది.

"సారూ, ఓ ధర్మేందరూ, ఇనుండ్రి. మా ఆయన సచ్చేదాక మన గుర్తుకు మళ్ల ఓటెయ్యలేదు. మీరేడ ఏయమంటే గాడ ఏసినం, ఎందుకని అడగలే. ఇప్పుడు నేనొక్కటే అడుగుతున్న. ఎవలు ఉంటరో నాకెందుకు? ఒక్కలుండుండ్రి. నా ముద్ర గుద్దుకొని పోత."

రామమోహనరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ధర్మేందర్ ఆమె చెయ్యి పట్టుకుని, "అయితది తియ్యమ్మా, నువ్వు పరేషాన్ కాకు," అన్నాడు. ఆమెకు షుగరు, పొద్దున్నుంచి ఏమీ తినలేదు. కిందికి తీసుకెళ్లి ఉప్మా తినిపించి, చక్కెర లేని టీ ఇప్పించాను.

మేం టీ తాగుతున్న ఆ కాసేపట్లోనే పని జరిగిపోయింది. తర్వాత నలుగురూ చెప్పగా అర్థమైంది ఇదీ. సాయమ్మ మాటకు ఇద్దరి మనసులూ నిజంగానే కరిగాయి. కరిగిన మనసుకు వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఐక్యత కోసం త్యాగం చేసింది మేమే అని రేపు చెప్పుకోవచ్చు గదా! ఎదుటివాడు ఆ పేరు కొట్టెయ్యక ముందే కొట్టెయ్యాలి. ధర్మేందర్ సంతకం పెట్టిన ఉపసంహరణ కాగితాన్ని తనను ప్రతిపాదించిన మనిషి చేత లోపలికి పంపి, లోకల్ ఛానల్ వాళ్లకు ఫోన్ చెయ్యడానికి వెనక మెట్ల వైపు వెళ్లాడు. అదే అదనుగా రామమోహనరావు గారు లోపలికి వెళ్లి తన కాగితం ఇచ్చి వచ్చారు. అధికారి రెండూ తీసుకున్నాడు. అడ్డు చెప్పడం ఆయన పని కాదు.

మేం పైకి వచ్చేసరికి మూడు దాటింది, బరిలో మిగిలినవాళ్ల జాబితా నోటీసు బోర్డు మీద అంటిస్తున్నారు. సాయమ్మకు చదువు రాదు, బొమ్మలు తెలుస్తాయి. వేలు పెట్టి పైనుంచి కిందికి చూసింది. గొడుగు, లాంతరు, ఈల, కుట్టుమిషను. మళ్లీ పైనుంచి చూసింది.

"మన బొమ్మ ఏదమ్మా?"

నేను తలెత్తి చుట్టూ చూశాను. కారిడార్ ఆ చివర ఒక కెమెరా ముందు రామమోహనరావు గారు, వెనక మెట్ల దగ్గర ఇంకో కెమెరా ముందు ధర్మేందర్ నిలబడి ఉన్నారు. ఇద్దరి నోటా త్యాగం అన్న మాటే వినిపిస్తోంది. కాసేపటికి ఒకరి సంగతి ఒకరికి తెలిసింది.

"మీరెందుకు తప్పుకున్నారండీ?"

"మీరు తప్పుకుంటరని నాకు కల వచ్చిందా సార్?"

ఇద్దరూ కలిసి లోపలికి పరిగెత్తారు. ఒకసారి ఇచ్చిన ఉపసంహరణను వెనక్కి తీసుకోవడం కుదరదని అధికారి చెప్పాడు. అది నేను క్లాసులో ఒక మార్కు ప్రశ్నగా చెబుతుంటాను. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. నవ్వు మాత్రం రాలేదు, ఎందుకంటే సాయమ్మ ఇంకా ఆ బోర్డు ముందే నిలబడి ఉంది.

వారం తిరక్కుండానే కొడవలి గొడుగుకు మద్దతిచ్చింది, సుత్తి లాంతరుకు మద్దతిచ్చింది. ఇద్దరి కరపత్రాలూ మా ఇంటి గేటుకే వచ్చాయి. సాయమ్మ వాటిని తీసి పొయ్యిలో పెట్టలేదు, చింపలేదు, అలాగే గేటుకు వదిలేసింది.

పోలింగ్ రోజు పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది. నన్నూ పడుకోనివ్వలేదు. కార్పొరేషన్‌కు కాగితం బ్యాలెట్టే. నేను నోటా మీద ముద్ర వేసి రెండు నిమిషాల్లో బయటపడ్డాను. సాయమ్మ అట్ట చాటున చాలాసేపు ఉండిపోయింది. అధికారి, "అమ్మా, అయిందా?" అని రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. ఎవరికి వేశావని నేను అడగలేదు.

ఓట్లు లెక్కపెట్టిన రోజు గొడుగు గెలిచిందని తేలింది. మా బస్తీ పోలింగ్ కేంద్రాల్లో నోటాకు మాత్రం ఎవరూ ఊహించనన్ని ఓట్లు పడ్డాయి. ఆ సాయంత్రమే రెండు పార్టీలూ ప్రకటనలు ఇచ్చాయి. గొడుగుకూ లాంతరుకూ వెయ్యమని ఊరంతా తిరిగిన సంగతి ఇద్దరూ మరిచిపోయారు. నోటా ఓట్లన్నీ తమ అభ్యర్థి త్యాగానికి ప్రజలిచ్చిన నీరాజనమని ఒకరన్నారు. అవి శ్రామికవర్గం తమపై ఉంచిన విశ్వాసమని ఇంకొకరన్నారు.

మర్నాడు పొద్దున రామమోహనరావు గారు శాలువా పట్టుకుని సాయమ్మ ఇంటికి వచ్చారు. ఆయన చెప్పులు విప్పుతుండగానే ధర్మేందర్ ఇంకో శాలువాతో దిగాడు. నేను నీళ్ల బిందె దించుకుని అక్కడే ఉన్నాను.

"సాయమ్మగారూ, మీలాంటి నిబద్ధత ఉన్న ఓటర్ల వల్లే నోటా రూపంలో మా పార్టీ బతికింది," అన్నారు రామమోహనరావు గారు.

"అమ్మ ఓటు మాకే సార్. మొదటిసంది మా దిక్కే ఉన్నది," అన్నాడు ధర్మేందర్.

సాయమ్మ గడపలోనే నిలబడి ఇద్దరినీ చూసింది. "నోటాకు నేనెందుకేస్త?" అంది. "ఓటు ఖరాబ్ చేసుడు మా ఆయన నాకు నేర్పలే. ఈల గుర్తు పోరనికి ఏసిన."

ఈల గుర్తు మధు బిర్యానీ సెంటర్ నడుపుతాడు. ఎందుకు పోటీ చేశాడో అతనికే తెలియదు. ఈల మాట వినగానే రామమోహనరావు గారు, "వాడికా? వాడెవరో మీకు తెలుసా?" అన్నారు.

"నాకెర్క లేదు సారూ. నిలవడ్డడు గదా. చాలాసేపు ఎతికిన. మన బొమ్మ యాడన్న ఉంటదేమో అని ఎతికిన. మళ్ల ఎలక్షన్ దాక నేనుంటనో లేదో. నా ఓటు మీరిద్దరు కలిసి తిన్నరు. ఈ పదిహేనేండ్లల్ల మీరు కలిసి చేసిన పని గదొక్కటే."

శాలువాలు చేతుల్లోనే ఉన్నాయి. సాయమ్మ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆమె ఏడుస్తున్న చప్పుడు బయటున్న మా ముగ్గురికీ వినిపించింది.