ఉత్తరపు గోడలో ఒక గడి

ఏంబ్రోస్ మట్టి తొక్కుతున్నాడు. బంకమట్టి, తరిగిన గడ్డి, పక్క పొలంలోంచి తెచ్చిన ఆవుపేడ. ఎనభయ్యొక్కేళ్ల కాళ్లు. పది అడుగులు తొక్కి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఆగి, మళ్లీ తొక్కుతున్నాడు.

ఇల్లు చిన్నది. నల్లబడిన ఓక్ దూలాల చట్రం, దూలాల మధ్య గడుల్లో తడికలు, వాటి మీద మట్టి. నాలుగు వందల ఏళ్లుగా అంతే, ఉత్తరపు గోడలో ఒక్క గడి తప్ప. అందులో నిన్నటిదాకా సిమెంటు ఉండేది.

పక్కింటి మేవిస్ కంచె మీంచి తొంగి చూసింది.

"అక్టోబరు నెలాఖర్లో గోడేంటి, ఏంబ్రోస్? రాత్రికి మంచు పడితే మొత్తం రాలి నీ నెత్తిన పడుద్ది."

"పడితే తవ్వి తియ్యడానికి నువ్వున్నావుగా."

"నాకింకేం పన్లేదు మరి. ఇన్నాళ్లున్న సిమెంటుకి ఏమొచ్చిందంట?"

అతను మళ్లీ మట్టి తొక్కసాగాడు.

ఊళ్లో పాత గోడలన్నీ అతను మెత్తినవే. సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోదని, ఓక్ లోపలే కుళ్లుతుందని అందరికీ చెప్పేవాడు. భార్య హెట్టీకి దగ్గు పట్టిన ఏడాది మాత్రం, ఆమె మంచం పక్కన గాలి దూరుతోందని, ఒక ఆదివారం ప్రార్థన మానేసి ఆ గడికి సిమెంటు పూశాడు.

"ఇప్పుడు గాలి రావట్లేదయ్యా," అంది హెట్టీ.

గాలి రాలేదు. గదంతా చెమ్మ పట్టింది. ఆమె ఇంకో రెండు చలికాలాలు దగ్గింది, మూడోది చూడలేదు.

ప్రేమతో చేసిన తప్పు దేవుడికి ఎలా కనిపిస్తుందో పాదిరిగారిని అడగాలని పంతొమ్మిదేళ్లుగా అనుకుంటున్నాడు. అడగలేదు.

పొద్దు వాలేసరికి చివరి ముద్ద కొట్టి, తడిచేత్తో నునుపు చేశాడు. పచ్చిమట్టికి మంచు తగలకుండా కప్పుదామని కొట్టంలోకి వెళ్లి చూస్తే, గోనెపట్టాలన్నీ ఎలుకలు కొరికేశాయి. కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత ఇంట్లోకి వెళ్లి, చాలా కాలంగా తెరవని బీరువా తెరిచాడు.

మర్నాడు ఆదివారం. చర్చిలో అతని చోటు ఖాళీగా ఉండడం చూసి మేవిస్ మధ్యలోనే లేచి వచ్చింది. ఏంబ్రోస్ పడకగది కుర్చీలో, మట్టి బూట్లతోనే, గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

"ఒక్క కేక వెయ్యకపోయావా, మొండోడా," అంది మెల్లగా.

బయట గడ్డి తెల్లగా గడ్డకట్టి ఉంది. మేవిస్ చుట్టూ తిరిగి ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్లింది. దూలానికి కొట్టిన రెండు మేకులకు, పచ్చిమట్టిని కప్పుతూ, హెట్టీ గోధుమరంగు ఉన్ని కోటు వేలాడుతోంది, మెడదాకా గుండీలన్నీ పెట్టి.