మూడో తరం దాటనివ్వను

"పురుగుల్ని ముట్టుకున్న చేతులు, కడుక్కున్నావా?" అని అత్తగారు అడగని సాయంత్రం లేదు. పదకొండేళ్లుగా అదే ప్రశ్న. నేను ముట్టుకునేవి పురుగులు కావనీ, ఎప్పుడో ఒక గొంగళిపురుగు నుంచి తీసిన కణాలు సీసాల్లో పెరుగుతూ, తరం తర్వాత తరంగా బతుకుతున్నాయనీ మొదటి ఏడాది ఓపిగ్గా చెప్పాను. తర్వాత చెప్పడం మానేసి చేతులు చూపించడం మొదలుపెట్టాను. రోజుకి ముప్పైసార్లు స్పిరిట్‌తో తుడిచి తుడిచి వేళ్ల సందులు పగిలిపోయిన చేతులు. మొన్న ఆవిడ మోకాలి ఆపరేషన్ తర్వాత కట్లు మార్చింది కూడా ఈ చేతులే. ఆ మూడు వారాలూ ఆవిడ ఆ ప్రశ్న అడగలేదు.

"అమ్మకి ఆడమనిషి తోడుండాలి కదా. నీదేముంది, సెలవు పెట్టెయ్," అన్నారు మా ఆయన. తనకి సెలవు దొరకదు. నాకు దొరుకుతుంది, ఎందుకంటే ఆయన లెక్కలో నాది ఉద్యోగం కాదు, పురుగులకి మేత వెయ్యడం. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ కణాలకి మూడు రోజులకోసారి సీసా మార్చి కొత్త ఆహారం పొయ్యాలి. ఆదివారమైనా, ఒళ్లు కాలిపోతున్నా పొయ్యాలి. ఆ ఆదివారాలకి జీతం లేదు. పదకొండేళ్లలో మూడు వారాలు వరసగా నేను వెళ్లకపోవడం అదే మొదటిసారి.

తిరిగి వెళ్లేసరికి ల్యాబ్ చావింటిలా ఉంది. మా పని ఇదీ: పురుగులకే తప్ప మనుషులకి సోకని వైరస్ ఒకటుంది. పసిపిల్లల్ని పట్టి పీడించే ఒక జబ్బు తాలూకు జన్యువుని దాన్లో పెట్టి కణాల మీదికి వదులుతాం. వైరస్ సోకిన కణం ఇక తన కోసం పెరగదు, రెండుగా చీలదు. చెప్పిన ప్రొటీన్ చేసి పెడుతుంది, చేసి చేసి ఉబ్బి మూడు నాలుగు రోజుల్లో పగిలిపోతుంది. పగలకముందే మేం ఆ ప్రొటీన్ తీసుకోవాలి. టీకా అయ్యేది అదే. కొత్తగా చేరిన రోజుల్లో ఆ కణాన్ని చూస్తే నాకు నవ్వొచ్చేది, అత్తారింటికెళ్లిన ఎవరో బంధువుల అమ్మాయి కథ వింటున్నట్టు. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

"వచ్చారా అమ్మా! మూడుసార్లు వైరస్ వేశాం, చుక్క ప్రొటీన్ రాలేదు. మీ హస్తవాసి లేక తలలు పట్టుకు కూర్చున్నాం," అన్నారు డైరెక్టర్ గారు. పక్కనే ఆయన శిష్యుడు, మేం కళ్లజోడు అని పిలిచే సైంటిస్టు, నేల చూపులు చూస్తున్నాడు.

హస్తవాసి! ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మగవాడు చేస్తే ప్రతిభ, నేను చేస్తే చేతి చలవ. ఫ్రిజ్ తలుపు తీసి సీసాల మీద రాతలు చూశాను. ఒక్క నిమిషంలో అర్థమైంది. కళ్లజోడు వైరస్ అయిపోయినప్పుడల్లా ఉన్నదాన్నుంచే మళ్లీ పెంచుకుంటూ పోయాడు, పెరుగు నుంచి పెరుగు తోడేసినట్టు. ఆరో తరానికి వచ్చాడు. అలా పెంచితే వైరస్ తన బరువు తగ్గించుకుంటుంది, మనం పెట్టిన జన్యువుని జారవిడుస్తుంది. కణాల్ని చంపుతుంది గానీ ప్రొటీన్ చేయించదు. మూడో తరం దాటితే నమ్మకూడదు, మళ్లీ మొదటి సీసాకే వెళ్లాలి.

ఇది నేను ఏ పుస్తకంలోనూ చదివి తెలుసుకోలేదు. పద్నాలుగు నెలలు ఒక్కో తరానికీ ఎంత ప్రొటీన్ వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకుని కనిపెట్టాను. కనిపెట్టిన రోజు బస్సులో కూర్చోలేకపోయాను, సీటున్నా నిలబడే ఇంటికొచ్చాను. చెప్తే మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా, "అయితే జీతం పెంచుతారా?" అన్నారు. అత్తగారు చేతుల సంగతి అడిగారు. మర్నాడు పొద్దున్న ల్యాబ్‌లో ఎవరూ రాకముందు, యంత్రం మీద గిరగిరా తిరుగుతున్న కణాల సీసాల ముందు నిలబడి వాటికే చెప్పాను. నా సంతోషాన్ని విన్నవి అవే. ఆ రోజు నేనెంత ఒంటరిదాన్నో నాకు మొదటిసారి తెలిసింది.

మొదటి సీసా డీప్ ఫ్రీజర్‌లో అడుగున, నా చేతిరాతతో భద్రంగా ఉంది. పసిపిల్లలు ఏం పాపం చేశారని? పని మొదలుపెట్టాను. పది రోజులకి, ప్రొటీన్ వచ్చిందో లేదో చూసే జెల్ మీద లావుపాటి నీలం గీత పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. అదే రోజు ప్రింటర్ దగ్గర, ఈ పని మీద జర్నల్‌కి పంపబోయే పేపర్ తాలూకు చిత్తుప్రతి కంటపడింది. పైన డైరెక్టర్ గారి పేరు, కళ్లజోడు పేరు, నేనెప్పుడూ చూడని ఇద్దరి పేర్లు. చివరి పేజీలో అడుగున ఒక్క లైను: సహకరించిన సిబ్బందికి కృతజ్ఞతలు. మూడుసార్లు చదివాను. ఏడుపొచ్చింది. ఆ బిల్డింగులో ఏడవడానికి వేరే చోటు లేక, సీసాలు దాచే చల్లగదిలోకి వెళ్లి, నాలుగు డిగ్రీల చలిలో ఏడ్చాను.

మధ్యాహ్నం డైరెక్టర్ గారు పిలిచారు. పక్కన కళ్లజోడు ఉన్నాడు. "మీ పద్ధతేదో ఒక పేజీ రాసి వీడికివ్వండి అమ్మా, పేపర్లో కలుపుతాడు."

"రాశాను సార్," అన్నాను. పద్నాలుగు నెలల పట్టికతో సహా నాలుగు పేజీలు. పైన నా పేరు. ఆయన కళ్లు పేరు దగ్గరే ఆగాయి.

"ఇప్పుడు పేర్లు మార్చడమంటే... అయినా మనలో మనకి పేర్లేమిటమ్మా? మనమంతా ఒక కుటుంబం లాంటివాళ్లం." నవ్వుతూ చెయ్యి చాపారు.

 నేను కాగితాలు వదల్లేదు.

"కుటుంబంలో చేసిన పనికి పేరుండదని నాకు బాగా తెలుసు సార్. అందుకే ఇక్కడ అడుగుతున్నాను."