ప్లాస్మా తెరమీద అవ్వ

మా బాపు కైలాసం బతుకంతా మరమగ్గం నడిపినవాడు. ఏ వస్తువు చేతికొచ్చినా అందులో పడుగెక్కడ, పేకెక్కడ అని వెతకడం ఆయనకు అలవాటు. కరీంనగర్‌లో ఒక లాడ్జివాళ్లు పాత టీవీలు తీసేసి కొత్తవి పెట్టుకుంటున్నారని తెలిసి, ఆ పాతవాటిలో ఒకదాన్ని ఆటోలో వేసుకుని చొప్పదండిలోని మా ఇంటికి తెచ్చాడు. ప్లాస్మా టీవీ. ఇద్దరు పడితే తప్ప లేవలేదు. మా అమ్మ నర్మదను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ గడపలోనే నిలబడి, "గిది టీవీనా, బండరాయా?" అంది.

బాపుకు అదే సందు దొరికింది. పాఠం మొదలుపెట్టాడు.

"సూడు నర్మదా, గీ రెండద్దాల నడుమ లచ్చల గళ్లున్నయ్. గళ్ల నిండ గ్యాసు. నిలువు తీగలు పడుగనుకో, అడ్డం తీగలు పేకనుకో. అవి రెండు యాడ కలుస్తయో ఆ గడిల కరెంటు పడుతది, గ్యాసు ట్యూబులైటు లెక్క వెలుగుతది. గడి గోడకు పూసిన మందును బట్టి ఎరుపు, పచ్చ, నీలం."

అవ్వ అంతా శ్రద్ధగా విని, "గంత నేసినా ఒక్క చీరన్న రాకపాయె," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అప్పట్లో అలాంటి టీవీలు పెద్ద హోటళ్లలో, ఫంక్షన్ హాళ్లలో, విమానాశ్రయాల్లో ఉండేవి. మా వాడలో మాత్రం మాకొక్కరికే. సాయంత్రమైతే చాలు, పక్కింటి ఐలవ్వతో మొదలుపెట్టి వాడ సగం మా ఇంట్లోనే. అవ్వ కాళ్లు బార్లా చాపి కండెలు చుడుతూ చూసేది. కళ్లు సీరియల్ మీద, చేతులు దారం మీద. దారం తెగినా చూడకుండానే ముడివేసేది కానీ, సీరియల్లో కోడలు ఏడిస్తే మాత్రం చేతులు ఆగిపోయేవి. ఆ సాయంత్రాలు మళ్లీ వస్తాయంటే నేను ఇప్పటికిప్పుడు ఏమైనా ఇచ్చేస్తాను.

అవ్వ గుండెపోటుతో పోయింది. గోడకు పెట్టడానికి పెద్ద ఫోటో లేదు. మా అన్న ఓంప్రకాశ్ తన ఫోన్‌లో ఉన్న ఫోటోను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి టీవీలో పెట్టాడు. బాసర గోదారి ఒడ్డున, నెరిసిన జుట్టు గాలికి రేగి, ఎండకు కళ్లు చికిలించి నవ్వుతున్న ఫోటో. టీవీకే పూలదండ వేశాం. కింద దీపం పెట్టాం. దినాలు అయ్యేదాకా దీపం కొండెక్కకూడదు కదా.

"దీపం ఆరద్దంటే మీ అవ్వ గూడ ఆరద్దు," అన్నాడు బాపు. అంతే, రాత్రింబగళ్లు ఆ టీవీని ఎవరూ ఆపలేదు. వచ్చినవాళ్లంతా దానికే దండం పెట్టి, దానికే చెప్పుకుని ఏడ్చారు.

వేరే టీవీ అయితే ఊరుకునేదేమో. ప్లాస్మాలో ఒకే బొమ్మను అన్ని రోజులు నిలబెడితే, ఎక్కువ వెలిగిన గళ్లు ఎక్కువ అరిగిపోతాయి. దినాలయ్యాక అన్న పెన్‌డ్రైవ్ తీసి వార్తలు పెట్టాడు. వార్తలు చదివే అమ్మాయి మొఖంలోంచి అవ్వ నవ్వుతోంది. ఛానెల్ మార్చినా పోలేదు. తెల్లగా ఉన్నచోటే గళ్లు బాగా అరిగాయి కాబట్టి, ఫోటోలో నెరిసిన జుట్టు ఇప్పుడు నల్లగా కనిపించింది. అన్న తల పట్టుకున్నాడు. బాపు మాత్రం దగ్గరికి జరిగి చాలాసేపు చూసి, "సచ్చినంక మీ అవ్వ పడుచుదయిందిరా," అన్నాడు. అవ్వ పోయాక బాపు నవ్వడం అదే మొదటిసారి.

ఇక ఆ తర్వాత మా ఇంట్లో అవ్వ లేకుండా ఏ కార్యక్రమమూ రాలేదు. క్రికెటర్లు ఆమె నొసటి మీద పరుగులు తీశారు. ఐలవ్వ సీరియల్‌కు వచ్చి, "వదినే, జర పక్కకు జరుగు, పిల్ల మొఖం కనబడుతలేదు," అని పరాచికాలాడేది. అన్న కొత్త టీవీ తెస్తే బాపు దాన్ని లోపలి అర్రలో పెట్టించాడు.

"బాపూ, నువ్వు సినిమా చూస్తున్నవా, అవ్వను చూస్తున్నవా?" అని నేను ఏడిపిస్తే, "సీన్మ బాగలేనప్పుడు మీ అవ్వను సూస్త," అనేవాడు. ఆయనకు ఏ సినిమా బాగుండేది కాదు.

మొన్న దసరా ముందు ఆ టీవీ టప్పుమని ఆరిపోయింది. నల్లటి అద్దంలో అవ్వ లేదు. బాపు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మా ఇంట్లో రెండోసారి చావు జరిగినట్టే అనిపించింది నాకు. కరీంనగర్‌లో మెకానిక్ కొమురెల్లి దగ్గరికి తీసుకెళ్లాం. కరెంటు బోర్డు కాలిపోయిందనీ, ఇంకో పాత సెట్టు దొరికితే దాని బోర్డు తీసి వేస్తాననీ చెప్పాడు. తెరలో అవ్వ ఉందని మాత్రం మేం చెప్పలేదు. "నవ్వుతరు బిడ్డా," అన్నాడు బాపు.

దీపావళి దాటాక ఫోనొచ్చింది.

"కాకా, ఖుషీ ఖబర్! బోర్డు దొరికింది, టీవీ నడుస్తుంది. అదొక్కటే గాదు, తెరమీద ఏదో మరక పడ్డది సూడు, దాన్ని గూడ తీస్తున్న. వారం నుంచి తెల్లతెర పెట్టి ఇడిసిన. అరగని గళ్లు గూడ అరిగితే అన్ని సమానమైతయ్. మీరొచ్చేవరకు సాఫ్!"

బాపు నోరు తెరిచేలోపే పెట్టేశాడు. నేను తిరిగి చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. దొరికిన బస్సెక్కాం. దారిపొడవునా బాపు ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు, తాను గట్టిగా పట్టుకుంటే బస్సు తొందరగా పోతుందన్నట్టు. నేను మాత్రం కొమురెల్లి కోసం తిట్లు పోగుచేసుకుంటూ కూర్చున్నాను.

దుకాణంలో తెర తెల్లగా వెలుగుతోంది.

"సూడు కాకా, ఒక్క మరక లేదు!" అన్నాడు కొమురెల్లి. మొఖం నిండా సంబరం. దారంతా కూడబెట్టిన తిట్లలో ఒక్కటి కూడా నా నోట రాలేదు.

బాపు అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లాడు. ఇటునుంచి చూశాడు, అటునుంచి చూశాడు. కళ్లద్దాలు తీసి అంగీతో తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏమైందక్కా?" అని కొమురెల్లి నన్ను మెల్లగా అడిగాడు. చెప్పాను. అతను స్టూలు మీద కూలబడ్డాడు. "ఒక్క మాట చెప్పకపోతిరి కాకా," అన్నాడు.

"నవీనా," అన్నాడు బాపు, వెనక్కి తిరగకుండానే. "నీకు కనబడుతున్నదా?"

నాకు తెలుపు తప్ప ఇంకేం కనబడలేదు.

"కనబడుతుంది బాపూ."

"యాడ?"

దగ్గరికి వెళ్లాను. అవ్వ నొసలు ఉండాల్సిన చోట వేలు పెట్టాను. "ఇగో, గిక్కడ."

బాపు నా వేలి పక్కనే అరచెయ్యి ఆనించాడు. నేను అబద్ధం చెప్తున్నానని ఆయనకు తెలుసు. వారం రోజులుగా వెలిగి వెలిగి అద్దం కాగిపోతోంది.

"వేడిగున్నది," అన్నాడు. "జరమొచ్చినప్పుడు గిట్లనే ఉంటుండె, మీ అవ్వ నొసలు."

కొమురెల్లి లేచి స్విచ్చు ఆపబోయాడు.

"ఉండనీ," అన్నాడు బాపు. "జరసేపు ఉండనీ."