హార్ల్‌బీ మైదానం రోలరు

నేను ఒక ఇనుప రోలరుని. ఇంగ్లండులో హార్ల్‌బీ అనే చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు మైదానం చదును చేయడానికి నన్ను పోతపోశారు. బరువు పావు టన్ను. అయినా ఆ క్లబ్బు కమిటీవాళ్ల బుర్రలకన్నా నేనే త్వరగా కదులుతాను.

క్లబ్బు చరిత్ర వాళ్లయితే గంటసేపు చెబుతారు. నాకు మూడు ముక్కలు చాలు. తోళ్ల కార్ఖానా కూలీలు పెట్టారు, ఒక్కసారి జిల్లా కప్పు గెలిచారు, ఆ తర్వాత డెబ్బై ఏళ్లు ఆ కప్పు గురించే మాట్లాడుకున్నారు. ఆట చూసేవాళ్లు కూర్చోవడానికి వానకు కారే స్టాండు, టైలు కట్టుకున్న ఎనిమిది మంది కమిటీ. పని తెలిసినవాడు ఒక్కడే, మైదానం చూసుకునే విల్ఫ్ ఆగ్డెన్. ముప్పై ఏళ్లు నన్ను లాగింది ఆయనే. ఏ మూల నీరు నిలుస్తుందో ఆయన కాళ్లకు తెలుసు.

ఒక ఏడాది కప్పు పోటీలో పెద్ద జట్టు ఒకటి మా ఊరికి రావాల్సి వచ్చింది. తను పెంచిన గడ్డి మీద అలాంటి ఆట ఒక్కటి చూడాలని విల్ఫ్ ముప్పై ఏళ్లుగా ఎదురుచూశాడు. శనివారం ఆట. పొద్దున్నే వాన కురిసి వెలిసింది. నేలంతా ప్రాక్టీసులో పడ్డ బూటు గుంటలు.

"రిఫరీ వచ్చేలోపు రోలరు వేసెయ్యి," అన్నాడు అధ్యక్షుడు ప్రెంటిస్. ఊళ్లో ఆయనకు టోపీల కొట్టు ఉంది.

"తడి మీద వద్దు సార్. నేల అణిగిపోతే నీళ్లు దిగవు. వదిలేస్తే మధ్యాహ్నానికి అదే ఇంకిపోతుంది."

"పెద్ద టీము వస్తోందయ్యా. ఈ గుంటలు చూసి నవ్వరూ?"

విల్ఫ్ నా హ్యాండిల్ వదిలి పక్కకు జరిగాడు. ఎనిమిది మందీ టైలు భుజం మీదికి వేసుకుని నన్ను రెండు గంటలు ఊరేగించారు. నేల నున్నగా తయారైంది, నీళ్లు దాని మీదే నిలబడ్డాయి. రిఫరీ వచ్చి నడుమెత్తు నుంచి బంతి వదిలాడు. అది ఎగరకుండా పడ్డచోటే ఉండిపోయింది. ఇక్కడ ఆట కుదరదన్నాడు. ఆట అవతలివాళ్ల మైదానానికి మారింది. మావాళ్లు వెళ్లి తొమ్మిది గోల్స్ తిని వచ్చారు.

ఆ తర్వాత కమిటీ కూర్చుని, నేలను సరిగ్గా చూసుకోలేదని విల్ఫ్‌ని తీసేసింది. ఎనిమిది చేతులూ లేచాయి. సిగ్గనేది ఆ గది గడప ఎన్నడూ తొక్కలేదు.

చూసుకునేవాడు లేక మైదానం పాడైంది, క్లబ్బు మూతపడింది. ఇప్పుడక్కడ సూపర్‌మార్కెట్. నాకు ఆకుపచ్చ రంగు పూసి గుమ్మం పక్కన నిలబెట్టారు. 'ఈ మైదానాన్ని తీర్చిదిద్దిన చేతులకు' అని ఇత్తడి పలక, కింద ఎనిమిది పేర్లు. ఆ చేతులు నన్ను పట్టుకుంది ఆ ఒక్క పూటే.

మొన్న విల్ఫ్ కూరగాయల సంచితో వచ్చి పలక చివరిదాకా చదివాడు.

"ఆ రోజు పట్టినవాళ్లంతా ఉన్నారు," అంటూ నా హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

ఎవరు లాగినా, ఆ నేలను తొక్కి చంపిన బరువు నాదే. ఆయన ఆ చెయ్యి వేయకపోయి ఉంటే బాగుండేది.