సున్నా పాయింట్ ఏడు

డయోడ్ ముంచిన నూనె చల్లారేకొద్దీ మీటరు ముల్లు దిగుతోంది, నాజ్నీన్ గుండె మాత్రం ఎగసిపడుతోంది. పోయినసారి ఫిజిక్స్ ప్రాక్టికల్ తప్పింది. ఈసారీ తప్పితే చదువు బందేనని, మంథనిలో చెప్పుల దుకాణం నడిపే ఆమె తండ్రి జలాలుద్దీన్ తేల్చేశాడు.

ప్రయోగం, జెర్మేనియం డయోడ్ శక్తి అంతరం కనుక్కోవడం. ఆ కాలేజీలో దానికో ఆచారముంది: సీనియర్లు చెప్పిన 0.7 ముందే రాసుకుని, దానికి తగ్గట్టు రీడింగులు వెనకనుంచి అల్లుకు రావడం. కూర వండకముందే ఉప్పు సరిపోయిందని చెప్పే తెలివన్నమాట! పోయినసారి నాజ్నీన్ అలాగే అల్లి, వైవాలో దొరికిపోయింది. అందుకే ఈసారి ఉన్నదున్నట్టు రాసింది. గ్రాఫు గీస్తే 1.1 వచ్చింది. మళ్లీ గీసింది. అదే.

ఇద్దరికొక సెట్టు. జోడీగా మీటరు చదువుతున్న జమున గుసగుసలాడింది: “పాగలైనవా? 0.7 రాయి. నేను గదే రాసిన.”

పుస్తకంలో 1.1 సిలికాన్ విలువ. సెట్టు పెట్టె మీదేమో జెర్మేనియం అని పెయింటుతో రాసి ఉంది. పెట్టెను నమ్మాలా, మీటరునా? చివరికి 1.1 అనే రాసింది.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ లింగమూర్తి కాగితం చూసి కళ్లెర్రజేశాడు. “ఏందమ్మా గిది? శక్తి అంతరమంటే ఎరుకేనా?”

“ఎలక్ట్రాన్ దాటాల్సిన గండి సార్. రాగిల గండే ఉండది. గాజుల దాటరానంత ఉంటది. జెర్మేనియంల చిన్నది, జర వేడి తగిల్తె దాటుతది. సిలికాన్ల ఇంకొంచెం పెద్దది.” ఆమె తన గ్రాఫు ముందుకు జరిపింది. “గీ నూనెల ఉన్నది జెర్మేనియం కాదు సార్. సిలికాన్.”

ల్యాబు బాధ్యత చూసే లెక్చరర్ నిరంజన్ ముఖంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. లింగమూర్తి డయోడ్‌ను నూనెలోంచి తీయించి, తుడిచి, నంబరు చదివాడు. సిలికానే. పాతది కాలిపోతే ఎప్పుడో ఎవరో మార్చారు. ఆ తర్వాత కూడా రికార్డులన్నీ 0.7 అనే పాడుతున్నాయి.

“నువ్వు పాసు,” అన్నాడాయన. “0.7 రాసినోళ్లందరు మళ్ల చెయ్యాలె, ఇప్పుడే.”

జమున వెక్కివెక్కి ఏడ్చింది. చదువు నిలబడిందన్న సంతోషం నాజ్నీన్ గొంతు దాటనేలేదు. దోస్తును తానే ముంచినట్టనిపించి ప్రాణం ఉసూరుమంది. మంథని బస్సుకు వేళైంది. అయినా సంచి కింద పెట్టి, హీటరు స్విచ్ వేసింది.

“కండ్లు తుడుచుకో. మీటరు నేను చదువుత, నువ్వు రాసుకో,” అంది. “గీసారి ఎంతొస్తె గంతే రాయి.”