అన్నం దగ్గర నిలబడకండి దీదీ

“అంచు కాస్త మాడింది,” అన్నాడు నాగభూషణం, పేపర్లోంచి తలెత్తకుండా, ఆ మాడిన అంచుతో సహా తినేస్తూ.

వంటింట్లో పెనం ముందు నిలబడ్డ కస్తూరికి నవ్వొచ్చింది. ఆర్.కె. పురం సర్కారు క్వార్టర్లో ఆదివారమంటే దోసెలు. దోసెలంటే ఒక్కొక్కటే పెనం మీంచి నేరుగా కంచంలోకి రావాలి. ముందు భర్త, తరవాత కూతురు అక్షర, ఆపైన తన కొడుకు తిన్నాక గానీ ముట్టని అత్తగారు మాణిక్యాంబ. అందరిదీ అయ్యాక కస్తూరి గట్టు దగ్గరే నిలబడి, గిన్నె అడుగున మిగిలిన పిండితో ఒకటి వేసుకుని నోట్లో కుక్కుకుంటుంది. కూర్చోవద్దని ఆమెతో ఎవరూ ఎప్పుడూ అనలేదు. కూర్చోమనీ అనలేదు.

నేపాల్ నుంచి తిరిగొచ్చి రెండు వారాలైంది. వేసవి సెలవుల్లో, తను లెక్కలు చెప్పే బడిలోని టీచర్లతో కలిసి, పోఖరాలో ఒక అనాథ పిల్లల ఆశ్రమంలో పని చెయ్యడానికి వెళ్ళింది. వెళ్తానన్నప్పుడు ఇంట్లో జరిగిన వినోదం ఇంతా అంతా కాదు. “నేపాలూ ఒక విదేశమేనా? పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు,” అన్నాడు నాగభూషణం. “పక్కనున్న ఘాజియాబాద్‌కే ఒక్కదానివీ వెళ్ళి రాలేవు నువ్వు.” అత్తగారు ఇంకో అడుగు ముందుకేశారు. “ఎవరి పిల్లలకో వండిపెట్టడానికి అంత దూరం పోవాలా అమ్మాయ్? మరి మా వాడికెవరు పెడతారు?” తిరిగొచ్చిన రోజు భర్తే సూట్‌కేసు లోపలికి మోసుకొచ్చి, ఎంతో ప్రేమగా, “సేవ సరదా తీరిందిగా, ఇక ఇంట్లో చెయ్యి,” అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. అందుకే అతని మీద కోపం ఎక్కువసేపు నిలవదు. నిలవనందుకు తన మీద తనకే కోపం.

ఆశ్రమంలోనూ మొదటివారం ఆమె చేసింది వడ్డనే. నేల మీద బారుగా కూర్చున్న పిల్లల మధ్య గరిటె పట్టుకుని తిరుగుతూ, “ఇంకొంచెం వేసుకో బేటా” అని కొసరి కొసరి పెట్టింది. పిల్లలు తల వంచుకుని గబగబా మింగేవారు. కొందరు అన్నం ముద్దలు జేబుల్లో దాచుకునేవారు. తన చేతి పప్పు అంత నచ్చిందనుకుని మురిసిపోయింది కూడా. ఆశ్రమం చూసుకునే బిమల ఒక మధ్యాహ్నం పక్కకు పిలిచింది.

“అన్నం దగ్గర నిలబడకండి దీదీ. వీళ్ళు ఆకలి చూసిన పిల్లలు. గిన్నె పట్టుకుని ఎవరైనా నిలబడితే, ఎత్తుకుపోతారేమోనని భయం. మీరూ కంచం పెట్టుకుని వాళ్ళతో కూర్చోండి. పెద్దవాళ్ళు నిదానంగా తినడం చూస్తే వాళ్ళకు ధైర్యం.”

కస్తూరి మనసు చివుక్కుమంది. మర్నాడు మాయ అనే చిన్నపిల్ల పక్కన కంచం పెట్టుకుని కూర్చుంది. నిదానంగా తినాలనే కూర్చుంది. తీరా చూస్తే, పిల్లలందరి కన్నా ముందు ఖాళీ అయింది ఆమె కంచమే. మాయ ఆ కంచంలోకీ ఆమె మొహంలోకీ మార్చి మార్చి చూసింది. “ఆంటీ, మీ ఇంట్లో కూడా అన్నం ఉండేది కాదా?” అని అడిగింది.

ఇంట్లో బియ్యానికేం లోటు లేదు. కానీ ఉప్పనో, మంచినీళ్ళనో, ఇంకాస్త చారనో ఎవరో ఒకరు పిలుస్తారన్న కంగారు లేకుండా ఆమె ఒక్క ముద్ద తిన్నది లేదు. ఆ రోజు కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సెలవులు అయ్యేలోపు ఇద్దరూ నిదానంగా తినడం నేర్చుకున్నారు. మాయ జేబుల్లో మెతుకులు కనిపించడం మానేశాయి. తన వంట ఇంత రుచిగా ఉంటుందని కస్తూరికి ఆ వయసులో, పరాయి దేశంలో తెలిసింది. హాయిగా అనిపించింది.

తీరా ఇక్కడికొచ్చాక అదంతా ఏమైపోయిందో, మళ్ళీ గట్టు దగ్గరే తింటోంది. ఇవాళ కూడా నిలబడితే ఇక జన్మలో కూర్చోలేననిపించింది. వరసగా మూడు దోసెలు వేసి, పొయ్యి కట్టేసి, చట్నీ గిన్నెతో సహా బయట భోజనాల బల్ల దగ్గరికొచ్చింది.

“అక్షరా, నానమ్మను పిలు. అందరం కూర్చుందాం.”

“సబ్ ఏక్ సాథ్? ఠీక్ హై,” అంటూ అక్షర ఫోన్ పక్కన పెట్టింది.

“వాడింకా తినడం అవ్వందే...” అని నసిగారు మాణిక్యాంబ.

“రండత్తయ్యా, చల్లారిపోతోంది,” అని కస్తూరి ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, తనూ కూర్చుంది. మొదటి ముక్క తుంచి చట్నీలో అద్దుకుంది. అల్లం బాగా కుదిరింది.

“కస్తూరీ, ఇంకోటి,” అన్నాడు నాగభూషణం అలవాటుగా.

కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఆపుకుంది.

“తింటున్నానండీ,” అంది.

అతను పేపరు దించాడు. “మరి నాకెవరు వేస్తారు?” కోపంగా కాదు, నిజంగా తెలియకే అడిగాడు.

“పాపా, తవా అభీ గరం హై,” అంది అక్షర నోటినిండా దోసెతో, పెనం ఇంకా వేడిగానే ఉందని తండ్రికి గుర్తు చేస్తూ.

నాగభూషణం కంచం పట్టుకుని వంటింటివైపు నడిచాడు. కన్నకొడుకు పెనం దగ్గరికి వెళ్తుంటే అత్తగారు ఊరుకోరని కస్తూరికి తెలుసు. ఏ మాట అంటారోనని తలెత్తి చూసింది.

ఆవిడ అసలు కొడుకు లేచింది కూడా గమనించలేదు. వీపు వంచి, కంచాన్ని ముంజేతితో చుట్టుకుని, నమిలీ నమలకుండా గబగబా మింగుతున్నారు. ఇన్నేళ్ళుగా ఆవిడ వెనక నిలబడి వడ్డించిందే కానీ, కస్తూరి ఒక్కసారీ ఎదురుగా కూర్చుని చూడలేదు.

వంటింట్లోంచి, “గరిటె ఎక్కడ?” అన్న కేక వినిపించింది. కస్తూరి లేవలేదు. కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని, అత్తగారికి బాగా కనిపించేలా, నిదానంగా తినసాగింది.